యశోద చెప్పిన పన్నెండు రోజులు

నలభై ఏండ్లు దాటింది, ఒక బరువు మోస్తున్న. కొన్నేండ్లయితె అలవాటైతదనుకున్న. కాలే. పొద్దుగాల పండ్లు తోముకుంటుంటె, రేషన్ లైన్ల నిలబడితె, మనుమరాలు బడి ముచ్చట చెప్తుంటె, ఉన్నట్టుండి లోపట కదుల్తది. నేను మాట మధ్యల ఆగిపోత. ముసలితనం అనుకుంటరు ఇంట్లోళ్ళు.

నేను ఎవ్వర్ని చంపలే. ఎవ్వరి సొమ్ము తినలే. పోలీసోళ్ళు రాసుకునే తప్పు కాదు నాది. అందుకేనేమో గిన్నేండ్లు దాచగలిగిన. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. తెలిసినోళ్ళకు చెప్పే ధైర్యం నాకు రాలే, ఇగ రాదు గూడ. నా పేరు రాయను. నా భార్య పేరు మాత్రం రాస్త. యశోద. ఆ పేరు ఎక్కడ చెప్పాల్నో అక్కడ నేను చెప్పలే. అదే నా కథ.

యాభైల మొదటి సంగతి. నిజాం రాజ్యం పోయి కొన్నేండ్లే అయింది. ఒక సర్కారు దఫ్తర్ల నేను గుమాస్తాను. చదివింది ఉర్దూల, రాసింది ఉర్దూల. చూస్తుండంగనె ఫైళ్ళన్ని ఇంగ్లీషుకు మారినయి. నాకంటె చిన్నోళ్ళు టకటక టైపు కొడుతుంటె నేను ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటుంటి. నౌకరి ఇంకా పక్కా కాలే. ఎప్పుడు తీసేస్తరో అన్న ఫికర్ తోనే అన్నం తింటుంటి. సాకు కింద చెప్తలేను ఇది. చెప్తున్ననా? ఏమో. మీరే చూడుండ్రి.

కార్వాన్ల ఒక పాత ఇంటి వెనుక మాకు ఒక అర్ర, ముందర రేకుల వంటసాల. మా అమ్మ, నేను, యశోద. యశోదది కిషన్‌బాగ్. పాలమ్ముకునేటోళ్ళ బిడ్డ, ఏడెనిమిది బర్రెల నడుమ పెరిగింది. బడికి పోలే. గని ఆమె చూసినట్టు చూసే మనిషిని నేను మళ్ళ చూడలే. బర్రె ఇయ్యాల కుడితి సగమే ఎందుకు తాగింది, ఎదురింటి అవ్వ నడక నిన్నటికీ ఇయ్యాలకూ ఎట్ల మారింది, గోడ మీద చీమలు గుడ్లు మోసుకొని ఏ దిక్కు పోతున్నయి, అన్ని ఆమెకు కావాలె. నేను దఫ్తర్ నుంచి వచ్చి చెప్పులు ఇడువంగనె షురూ చేసేది. నేను సగం వింటుంటి, సగం ఇడుస్తుంటి.

మా దఫ్తర్ల ఒకాయన ఇల్లు ఖాళీ చేసి ఊరిడిసి పోతు పోతు, ఒక పెద్ద గాజు జాడీ, దాంట్ల ఆరు ఎర్ర చేపలు నాకిచ్చిండు. పారేయబుద్ధి కాక తెచ్చిన. యశోద దాన్ని కిటికీల పెట్టుకున్నది.

ఆ చలికాలం చేపల మీద తెల్ల చుక్కలొచ్చినయి. సన్నటి ఉప్పు చల్లినట్టు, తోక మీద, రెక్కల మీద. చేపలు అడుగున గులకరాళ్ళకు ఒళ్ళు రుద్దుకునేటియి. మా అమ్మ చూసి అమ్మవారు పోసిందన్నది. యాపాకు, పసుపు నీళ్ళల్ల వేసింది. మూడో రోజుకు రెండు చచ్చినయి.

మిగిలిన నాలుగింటిని యశోద రెండు గిన్నెలల్ల రెండేసి పెట్టింది. ఒక గిన్నె పొయ్యి పక్కన, ఒకటి కిటికీల. రెండిట్లనూ కళ్ళుప్పు కలిపింది. రోజూ పొద్దుగాల చుక్కలు లెక్కవెట్టి, గోడ మీద బొగ్గుతోని గీతలు గీసేది. పొయ్యి పక్క గిన్నెల నాలుగు రోజులకే చుక్కలు పోయినయి. కిటికీ గిన్నెల వారం దాటినా పోలే. వెచ్చదనం పనిచేస్తున్నదని ఆ గిన్నెను గూడ పొయ్యి కాడికి జరిపింది. నేను మొదటి గిన్నె చూసి, నయమైంది తియ్ అన్న. మూడు రోజులకు ఆ మొదటి గిన్నెల్నే మళ్ళొచ్చినయి, ముందటికంటె ఎక్కువ.

రెండు రోజులు గిన్నెల ముందర కూసొని, చివరికి చెప్పింది. ఇది బర్రెకు పిడుదులు పట్టినట్టేనన్నది. పిడుదు నెత్తురు తాగి కడుపు నిండంగనె కిందికి రాలిపోతది. బర్రె మంచిగైందని మనం అనుకుంటం. అది కొట్టంల గోడ సందుల దూరి గుడ్లు పెడ్తది, ఆ పిల్లలు మళ్ళ బర్రెనెక్కుతయి. కొట్టం కడగకుంట బర్రెను కడిగితె ఏం ఫాయిదా? ఈ చుక్కలు గూడ గంతే, చావలే, అడుగుకు దిగినయి అన్నది. అప్పటి నుంచి రోజూ గిన్నె అడుగు మెత్తటి గుడ్డతోని తుడిచి, కింది నీళ్ళు తీసేసి, చంటిపిల్లల నీళ్ళు చూసినట్టు మోచేయి పెట్టి చూసి, గంతే వెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగ పోసేది. చుక్కలు పోయినంక గూడ పన్నెండు రోజులు ఆపలే. నాలుగూ బతికినయి.

ఎవ్వరు నేర్పలే ఆమెకు. ఏ కితాబుల చదవలే.

మా సాబ్ మద్రాసు దిక్కు నుంచి వచ్చిన ఆఫీసరు. మలక్‌పేటల బంగ్లా. మంచి మనిషి, కోపం తక్కువ. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన భార్యకు, మేం అమ్మగారు అనేటామెకు, చేపలంటె పాణం. హాల్ల పెద్ద గాజు తొట్టి, దాంట్ల ఇరవై దాక రంగురంగుల చేపలు. ఒకనాడు సాబ్ ఫైలు ముందర పెట్టుకొని సంతకం చెయ్యకుంట కూసున్నడు. హెడ్ క్లర్క్ అడిగితె, ఇంట్ల చేపలకు తెల్ల చుక్కలొచ్చి చస్తున్నయి, ఆమె అన్నం తింటలేదు అని చెప్పిండు. నేను పక్కన కాయితాలు పట్టుకొని నిలబడ్డ. నాకు తెలుసు సార్, నేను బాగుచేస్త అని నోట్లకెల్లి వచ్చేసింది.

దఫ్తర్‌కు ముందు ఒకసారి, దఫ్తర్ అయినంక ఒకసారి సైకిల్ మీద పోయిన. యశోద ఏ రోజు ఏం చెయ్యాల్నో చెప్పి పంపేది, నేను గట్లనే చేసేటోడ్ని. చేపలను వెనుక వరండల రేకు టబ్బులకు మార్చిన. తొట్టి కడిగి ఎండకు పెట్టిచ్చిన. టబ్బు కింద చిన్న దీపం పెట్టి రెండు రోజుల మీద మెల్లగ వెచ్చ చేసిన. నేను పట్టుకున్నంక ఒక్కటి గూడ చావలే.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నవని సాబ్ అడిగిండు. అమ్మగారు గూడ పక్కనే ఉన్నది. మా ఇంట్లామె చెప్పింది అనాలె. రెండు మూడు మాటలు. నాలిక మీదనే ఉన్నయి. నేనే చూసి చూసి తెలుసుకున్న సార్ అన్న.

ఎందుకన్న? చదువురాని ఆడమనిషి మాటంటె నవ్వుతరనా? కాదు. ఆయన నవ్వే మనిషి కాదు, నాకు తెలుసు. ఆ రోజు ఆయన నన్ను మొదటిసారి ఒక మనిషి లెక్క చూసిండు. ఆ చూపుల ఇంకొకరికి పాలు ఇయ్యబుద్ధి కాలే. గంతే. దీనికంటె పెద్ద కారణం ఉంటె బాగుండునని మస్తుసార్లు వెతికిన. లేదు.

సాబ్ ఆ పద్ధతిని నాతోని చెప్పిచ్చుకొని ఇంగ్లీషుల టైపు చేయించి, కింద నా పేరు పెట్టి, చేపలు పెంచుకునే తన దోస్తులకు పంపిండు. దఫ్తర్ల నా కుర్చీ జర గట్టిపడ్డది. ఇంటికొచ్చి యశోదకు, సాబ్ మస్తు ఖుష్ అయిండని చెప్పిన. ఎవరి పేరు చెప్పిన్నో చెప్పలే. ఆమె అడగలే. తన పేరు చెప్పే ఉంటననుకున్నది.

తర్వాతి చలికాలం మలక్‌పేటల మళ్ళ చుక్కలొచ్చినయి. ఈసారి దఫ్తర్ల పని మీద పని. నాకు తీరుత లేకుండె. మా ఇంట్లామెకు అంతా నేర్పిచ్చిన, నా కింద సాయం చేస్తదని సాబ్‌కు చెప్పి యశోదను పంపిన. అప్పటి దాక ఆమె ఒంటిగ బస్సెక్కలే. మొదటి రోజు ముడులేసిన పాత చీర మార్చి మంచి చీర కట్టుకొని పోయింది. సాయంత్రం వచ్చి, అమ్మగారు తనను పక్కన కుర్చీల కూసోపెట్టుకున్నదని, కాఫీ ఇచ్చిందని, అది చేదుగున్నా మొహం మార్చకుంట తాగిన్నని చెప్పి నవ్వింది. నాకా నవ్వు ఇప్పటికీ కండ్ల ముందున్నది.

వారం రోజులకు ఒక సాయంత్రం వచ్చింది. అన్నం వడ్డిచ్చుకుంట, అమ్మగారు మీ తారీఫ్ చేస్తుండె అన్నది. ఇదంతా మీరే కనిపెట్టిన్రంట గదా అన్నది. నేను పప్పు కలుపుకున్న. నీళ్ళు తాగిన. ఆమె జరసేపు నా మొహం దిక్కే చూసింది. నేనేదో ఒకటి చెప్తనని చూసింది. చెప్పలే. తెల్లారి లేసి, ఎప్పటి లెక్కనె మలక్‌పేటకు పోయింది. అమ్మగారి ముందర నా మాట అబద్ధమని అనలే.

నేను సిగ్గుపడాలె గదా? కోపమొచ్చింది. లొల్లి చేసుంటె బాగుండు. అరిచి, ఏడ్చి, మా అమ్మతోని చెప్పి ఉంటె నేను గూడ ఏదో అనేటోడ్ని, అయిపోయేది. ఏం అనకుంట ఆమె నన్ను కింద పడేసినట్టనిపించింది. నేను ఆమెకు దగా చేసి, ఆమె నాకు చేసినట్టు తిరుగుతుంటి.

శుక్రవారం సాయంత్రం, ఆ మాట తర్వాత మొదటిసారి, చేపల సంగతి ఎత్తింది. ఇయ్యాల పొద్దుగాల చుక్కలు పోయినయి, ఇగ పన్నెండు రోజులు టబ్బుల నుంచి తీయొద్దు, సాబ్‌కు చెప్పుండ్రి అన్నది. నేను విన్న. మంచిగ విన్న.

శనివారం సాబ్ నన్ను పిలిచిండు. రేపు బొంబాయి నుంచి దోస్తులు వస్తున్నరు, వాళ్ళు గూడ చేపలు పెంచేటోళ్ళు, నీ గురించి వాళ్ళకు చెప్పిన, చేపలను హాలు తొట్ల వేస్తె ఏమన్న ఇబ్బందా అని అడిగిండు. ఏం ఇబ్బంది లేదు సార్, పూర్తిగ తగ్గింది అన్న.

ఆదివారం యశోదను పోవద్దన్న. బంగ్లాకు చుట్టాలొస్తున్నరన్న. నేనే పోయి చేపలను తొట్లకు మార్చిన. వచ్చినోళ్ళు నాతోని చెయ్యి కలిపిన్రు. వాళ్ళు తెచ్చిన రెండు చేపలను గూడ దాంట్లనే వదిలిన్రు. ఒకాయన ఇంగ్లీషుల ఏదో అడిగితె సాబే నా బదులు జవాబిచ్చిండు, నవ్వుకుంట, నా భుజం మీద చెయ్యేసి. ఇంటికొచ్చి యశోదతోని, పని అయిపోయిందంట, ఇగ పోనక్కర లేదన్న. చేపలు టబ్బులనే ఉన్నయా అని అడిగింది. నాకు తెల్వదన్న.

ఆరు రోజులకు చుక్కలొచ్చినయి. ఈసారి ఉప్పు చల్లినట్టు కాదు, పిండి పూసినట్టు. చేపలు నీళ్ళ పైకొచ్చి నోరు తెరిచేటియి. నేను పరేషాన్ అయి, ఉప్పు రెండింతలు పోసిన. నీళ్ళు కాగబెట్టి ఒక్కసారే కుమ్మరిచ్చిన. మెల్లగ, మెల్లగ అని యశోద ఎన్నిసార్లు చెప్పిందో. యశోదను అడగాలె. అడిగితె ఎవరు తీసిన్రని అడుగుతది. అడగలే. రెండో రోజు సాయంత్రానికి అమ్మగారు తానే రిక్షా పంపి యశోదను పిలిపిచ్చింది. ఆమె వచ్చేటాళ్ళకు తొట్ల ఈదేది ఒక్కటి గూడ లేదు.

వరండల సాబ్ నిలబడ్డడు. అమ్మగారు కుర్చీల కూసున్నది, కండ్లు ఎర్రగున్నయి. వంటామె గుమ్మంల ఉన్నది. యశోద నా వెనుక, రెండడుగుల దూరంల.

"పూర్తిగా తగ్గిందని నువ్వే కదయ్యా అన్నావు?" అని అడిగిండు సాబ్. గట్టిగ గూడ అడగలే.

"యశోద తగ్గిందన్నది సార్" అన్న నేను. "తొట్ల ఏయొచ్చన్నది. చదువులేని మనిషి, ఆమె మాట నమ్మిన. నాదే తప్పు."

నాదే తప్పని గూడ అన్న. చూసిన్రా?

అమ్మగారు తల ఎత్తింది. "యశోదా, నువ్వు అలా చెప్పావా?"

నేను వెనుకకు తిరగలే. తిరిగితె ఏమయ్యేదో. వంటామె పైట కొంగుతోని చెయ్యి తుడుచుకునే చప్పుడు గూడ వినవడ్డది.

"అవునమ్మా" అన్నది యశోద. "నాకు చదువు లేదు. తెల్వక చెప్పిన."

అమ్మగారు లేసి లోపటికి పోయింది.

బస్సుల యశోద ఆడోళ్ళ సీట్ల ముందర కూసున్నది, నేను వెనుక. పురానాపూల్ దాటె దాక ఆమె వీపునే చూసిన. ఏడుస్తదేమో, అప్పుడు నేనేదన్న అంటననుకున్న. ఏడ్వలే. ఇంటికొచ్చి, నీళ్ళు తెచ్చి, పొయ్యి అంటు పెట్టింది. మా అమ్మ ఏమైందని అడిగితె, చేపలు చచ్చినయత్తా అన్నది. ఆ వారంలనే గాజు జాడీని, దాంట్ల ఉన్న నాలుగు చేపలతోని కిషన్‌బాగ్ పంపిచ్చింది. చూసుకునే తీరుత లేదన్నది.

సాబ్ నన్ను ఏం చెయ్యలే. భార్య మాట నమ్మినోడి తప్పేముంటది? ఆ ఏడే నా నౌకరి పక్కా అయింది.

ఇగ యశోద. ఆమె నాతోని ముప్పై ఏండ్లు బతికింది. ముగ్గుర్ని కన్నది, పెంచింది. జరమొస్తె నా తల పట్టింది. మాట్లాడకపోవుడేం లేదు. ఉప్పు లేదు, పెద్దోడికి దగ్గు, చిన్నదానికి ఫీజు, అన్ని మాట్లాడింది. గని చూసింది చెప్పుడు బందయింది. దఫ్తర్ నుంచి వచ్చి చెప్పులు ఇడిసి ఒక్క నిమిషం నిలబడేటోడ్ని, అలవాటు కొద్ది. ఆమె చాయ్ గిలాస ఇచ్చి లోపటికి పోయేది. చీమలు ఏ దిక్కు పోతున్నయో, ఎవరి నడక మారిందో, ఆమె చూస్తనే ఉండె, నాకు కనవడుతనే ఉండె. గని ఆ మాటలు నా దాక రాలే. నేను దేనిగురించన్న ఆమె అభిప్రాయం అడిగితె, మీకే తెల్వాలె అనేది. ఎత్తిపొడిచినట్టు గూడ కాదు. ఉత్తగ.

ఇక్కడి దాక చెప్పింది ఆమెకు తెలుసు. మలక్‌పేట బంగ్లల ఉన్నోళ్ళకు సగం తెలుసు. ఇప్పుడు చెప్పేది నాకొక్కనికే తెలుసు. ఇది రాయడానికే కూసున్న, ఇంతసేపు చుట్టు తిరిగిన.

ఆ ఎండకాలం సాబ్‌కు బదిలీ అయింది. వాళ్ళు పోయిన రెండు నెలలకు దఫ్తర్ అడ్రసుకు ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద తెలుగుల, యశోదకు అని, కింద నా పేరు. నాది కాదని తెలిసీ ఇప్పిన. అమ్మగారు రాసింది. చాలాసార్లు చదివిన, అందుకే ఇన్నేండ్లకు గూడ మాటలు పోలే.

ఆమె ఇట్ల రాసింది. "యశోదా, వంటమనిషి ఇప్పుడు చెప్పింది. చేపల్ని తొట్టిలో వేసే ముందురోజు, శనివారం, నువ్వు వెళ్తూ వెళ్తూ, పన్నెండు రోజుల దాకా టబ్బులో చేపల్ని ఎవరూ తీయొద్దని దానికి చెప్పి వెళ్ళావట. భయపడి అప్పుడు నోరు మెదపలేదట. నీ నోటితో నువ్వే ఒప్పుకుంటే నేను నమ్మాను. నమ్మినందుకు సిగ్గుగా ఉంది. ఎవరు కనిపెట్టారో కూడా ఇప్పుడు అర్థమైంది. ఇక్కడ మళ్ళీ చేపలు తెచ్చాను. నీకు తెలిసింది నాకు నేర్పు. ఎవరిచేతనైనా రాయించు, కింద నీ పేరు పెట్టించు."

యశోదకు చదువు రాదు. చదివి వినిపిచ్చాల్సింది నేనే. నా నోటితోని. ఉత్తరం జేబుల పెట్టుకొని రెండు రోజులు తిరిగిన. మొదటి రోజు సాయంత్రం ఆమె గుమ్మంల కూసొని చిక్కుడుకాయ ఒలుస్తున్నది. నేను ఎదురుంగ కూసున్న. జేబు మీద చెయ్యి పెట్టుకున్న. ఏందట్ల చూస్తున్నరు అన్నది. ఏం లేదన్న. మూడో రోజు దఫ్తర్ల ఆ ఉత్తరాన్ని సన్నగ చింపి చెత్తబుట్టల వేసిన. జవాబు రాలేదని అమ్మగారు ఏమనుకున్నదో. యశోద మాఫ్ చెయ్యలే అనుకున్నదో.

యశోద పోయి ఎనిమిదేండ్లు. ఆఖరి దినాలల్ల దవాఖానల మంచం పక్కన కూసొని, చెప్పాలె, ఇయ్యాల చెప్పాలె అనుకున్న. ఒక మధ్యాహ్నం, మలక్‌పేట అమ్మగారు యాదికున్నదా అని మొదలువెట్టిన. ఆమె నా దిక్కు చూసి, నీళ్ళియ్యుండ్రి అన్నది. ఇచ్చిన. తాగి పక్కకు మళ్ళింది. నేను మాట పూర్తి చెయ్యలే. అలిసిపోయిందనుకున్న. నిజంగ ఆమె అలిసిపోయిందా, నాకే ఒక సందు దొరికిందా? సందే.

ఒకామె నిన్ను నమ్మింది, నీకు నమస్తె పెట్టినట్టు రాసింది, నీ దగ్గర నేర్చుకుంటనన్నది. ఈ ఒక్క మాట యశోదకు చేరలే. తనను నమ్మిన మనిషి లోకంల ఒక్కరు గూడ లేరనుకునే ముప్పై ఏండ్లు బతికి పోయింది. ఆమె తెలివే గాకుంట, ఆమె మీద ఇంకొకరికున్న నమ్మకం గూడ నేనే తీసుకున్న.

మాఫీ అడుగుతలేను. ఇయ్యగలిగిన మనిషి లేదు, మీరిచ్చినా అది నాకు చెల్లదు. అమ్మగారు అడిగిన పద్ధతి ఇందుల మొత్తం రాసిన, యశోద ఎట్ల చేసిందో గట్లనే, ఒక్కటి ఇడువకుంట. నలభై ఏండ్లు లేటయింది. కనిపెట్టింది యశోద. ఉత్తరం చింపింది నేను. రాసిన.